మందు కొట్టే ముందు టార్చిలైటు తీసుకోండి

మా గుంటూరోళ్ళకి ఒక అలవాటుంది. ఏది పాకినా, ఏది ఎగిరినా "మందు కొట్టెయ్" అంటాం. తప్పు పూర్తిగా మాది కూడా కాదులెండి. చుట్టూ పత్తి, మిర్చి, ఏ సెంటర్లో నిలబడినా ఒక పురుగుమందుల షాపు, ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు భుజాన స్ప్రేయర్ మోసినవాళ్ళు. మొన్నామధ్య మా బావమరిది ప్రత్తిపాడు వైపు నుంచి వస్తూ, మిర్చికి కొట్టగా మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో పోసి తెచ్చాడు. "బావా, డాబా మీద వంగ మొక్కలకి రెండు మూతలు కలిపి కొట్టు, పురుగనేది కనపడితే నన్నడుగు" అన్నాడు. ఆ సీసా సంగతి చివర్లో చెప్తాను.

నేను చెప్పేది ఒక్కటే. ముందు అది ఏ పురుగో, ఎక్కడ కాపురం పెట్టిందో, ఏం తిని బతుకుతుందో చూసుకోండి, మందు సంగతి తర్వాత. ప్రతిదానికీ ఒక లొంగే చోటుంటుంది. అక్కడ పట్టుకుంటే చాలావరకు చవకలో పోతుంది, లేకపోతే వేలు పోసినా నెల తిరక్కుండా మళ్ళీ దిగుతుంది. మా ఇంటికి ఒకసారి పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిస్తే పావుగంటలో గోడల వెంట ఏదో చల్లేసి, డబ్బులు తీసుకుని, ఏడాది గ్యారంటీ అని కాగితం ఇచ్చి వెళ్ళారు. ఇరవై రోజులకి బొద్దింకలొచ్చాయి, వాళ్ళు మాత్రం ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాతే నేను టార్చిలైటు పట్టుకున్నాను.

వంటిల్లు

రాత్రి పదకొండు దాటాక వంటింట్లో లైటు ఆపేసి, ఓ అరగంట ఎవరూ అటు పోకుండా ఉండి, అప్పుడు టార్చితో చప్పుడు చెయ్యకుండా వెళ్ళండి. ముందు స్టవ్ కింద, తర్వాత మిక్సీ అడుగున, ఫ్రిజ్ వెనక మోటారు దగ్గర, అల్మారా తలుపుల బందుల్లో వెలుగు వేసి చూడండి. నేను మొదటిసారి మిక్సీని తిరగేసి గాలి రంధ్రాల్లోకి టార్చి వేస్తే, లోపల్నుంచి సన్నటి మీసాలు జతలు జతలుగా బయటికి ఊగుతున్నాయి. మర్నాడు ఆ మిక్సీలో పచ్చడి వెయ్యడానికి మా అమ్మ ఒప్పుకోలేదు, వారం రోజులు రోట్లోనే నూరింది.

మనిళ్ళలో బొద్దింకలు ముఖ్యంగా రెండు రకాలు. రెండింటికీ ఒకే మందు వాడి చాలామంది డబ్బులు వదిలించుకుంటారు. చిన్నగా, తేనె రంగులో, తల వెనకే రెండు నల్ల గీతలతో ఉండేది వంటింటి బొద్దింక. ఇది డ్రైనేజీలోంచి రాదు, కిరాణా అట్టపెట్టెల్లోనో, కోడిగుడ్ల అట్టల్లోనో, సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్‌లోనో మనమే మోసుకొస్తాం. ఆడది గుడ్ల సంచిని పొదిగే దశ దాకా తన వెనకే తగిలించుకు తిరుగుతుంది, ఒక్కో సంచిలో ముప్పై నలభై గుడ్లుంటాయి. స్ప్రే కొడితే బయట తిరిగేవి చస్తాయి, సందుల్లో దాక్కున్నవి ఇంకా లోపలికి జరుగుతాయి.

దీనికి పనిచేసేది జెల్. సిరంజిలాంటి ట్యూబులో దొరుకుతుంది, మీద ఫిప్రోనిల్ అనో ఇమిడాక్లోప్రిడ్ అనో రాసి ఉంటుంది. బియ్యపు గింజంత చుక్కలు చొప్పున బందుల దగ్గర, సొరుగుల మూలల్లో, ఫ్రిజ్ వెనక, సింకు కింద పైపు గోడలోకి పోయే చోట పెట్టండి. ఒకేచోట పెద్ద ముద్ద పెట్టడం దండగ, ముప్పై నలభై చోట్ల చిన్న చుక్కలు కావాలి. తిన్నది గూటికి పోయి చస్తే దాన్నీ దాని రెట్టనూ మిగతావి తిని చస్తాయి, జెల్ కిటుకంతా అదే. జెల్ పెట్టాక మాత్రం అక్కడ స్ప్రేగానీ ఫినాయిల్‌గానీ కొట్టకండి, ఆ వాసనకి అవి జెల్ ముట్టవు. పది పదిహేను రోజులు ఓపిక పట్టి, మూడు వారాలకి మళ్ళీ ఒకసారి పెట్టండి, ఎందుకంటే గుడ్లలో ఉన్నవి అప్పటికి బయటికొస్తాయి. జెల్ కొనడం ఇష్టం లేకపోతే బోరిక్ పౌడర్ ఉంది, క్యారమ్స్ బోర్డు మీద చల్లేదే. దాన్ని మైదా, పంచదారతో సమానంగా కలిపి కాసిని నీళ్ళతో చిన్న ఉండలు చేసి, పిల్లల చేతికీ కుక్క నోటికీ అందని సందుల్లో పెట్టండి. ఆలస్యంగా పనిచేస్తుంది కానీ చేస్తుంది.

రెండోది పెద్దది, ఎర్రగా ఉండేది, ఎగిరి మీద పడేది. ఇది డ్రైనేజీ సరుకు. దీనికి వంటింట్లో జెల్ పెట్టి లాభం లేదు, దారి మూయాలి. బాత్రూమ్ జాలీ కింద ఉండే ట్రాప్‌లో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలిచి ఉండాలి, ఆ నీళ్ళే తలుపు. వాడని బాత్రూమ్‌లో, ముఖ్యంగా మన ఎండాకాలంలో, ఆ నీళ్ళు ఆవిరైపోతాయి. అప్పుడు వాసనా వస్తుంది, బొద్దింకలూ వస్తాయి. చుట్టాలొచ్చినప్పుడు మాత్రమే వాడే బాత్రూమ్‌లో వారానికి ఓ మగ్గు నీళ్ళు పొయ్యండి, అంతే. పగిలిన ఛాంబర్ మూత ఉంటే మార్పించండి.

ఇంకో మాట, రాత్రి పడుకునే ముందు సింకు గట్టు పొడిగా తుడవండి. బొద్దింక తిండి లేకుండా వారాలు ఉంటుంది కానీ నీళ్ళు లేకుండా అన్నాళ్ళు ఉండలేదు.

చీమల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కనపడే చీమల్ని చంపితే గూట్లోంచి ఇంకో బారు వస్తుంది కాబట్టి విషాన్ని వాటిచేతే మోయించాలి. కప్పు గోరువెచ్చటి నీళ్ళలో ఎనిమిది టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ బోరిక్ పౌడర్ కరిగించి, దూది ముంచి, బారు పక్కన సీసా మూతలో పెట్టండి. బోరిక్ ఎక్కువ వేస్తే దారిలోనే చస్తాయి, గూటిదాకా మొయ్యవు, అందుకే తక్కువ. మొదటి రెండు రోజులు చీమలు రెట్టింపై భయమేస్తుంది. కంగారుపడకండి, తిననివ్వండి. తగ్గాక బారు నడిచిన దారిని సబ్బు నీళ్ళతో తుడిస్తే వాసన దారి చెరిగిపోతుంది. పంచదార డబ్బాని నీళ్ళ పళ్ళెంలో పెట్టే అమ్మమ్మల పద్ధతి ఇప్పటికీ ఏ మందుకీ తీసిపోదు.

బియ్యం డబ్బా

కోపమొచ్చే విషయం ఇదే, 26 కిలోల బస్తా విప్పి నెల కాకముందే ముక్కు పొడుగున్న నల్ల పురుగులు గోడెక్కి నడుస్తుంటాయి. షాపువాడు పాత బియ్యం అంటగట్టాడని తిట్టుకుంటాం. సగం నిజమే. ఆడ పురుగు ముక్కుతో గింజకి బెజ్జం పెట్టి, లోపల గుడ్డు పెట్టి, పైన మైనం పూసినట్టు మూసేస్తుంది. బయటికి గింజ బాగానే ఉంటుంది. లోపల పిల్ల తిని పెరిగి, మన వేడికి నెలో, నెలా పది రోజులకో పెద్ద పురుగై తొలుచుకుని వస్తుంది. అంటే మీరు కొన్నరోజే అది లోపలుంది. కనపడ్డ పురుగుల్ని ఏరితే సరిపోకపోవడం అందుకే.

నేను చేసేది ఇది. బస్తా తేగానే మొత్తం డబ్బాలో పోసెయ్యను. నెలకి సరిపడా తీసి మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో అంచుదాకా నింపుతాను, ఎందుకంటే డబ్బాలో ఖాళీ తక్కువైతే గాలీ తక్కువ, పురుగుకి ఊపిరాడదు. అడుగున మిగిలిన పాత బియ్యం మీద కొత్తవి ఎప్పుడూ పొయ్యను. డబ్బా ఖాళీ అయినప్పుడు కడిగి ఎండలో బోర్లిస్తాను, మూత అంచు మడతలో నుసిని పాత టూత్‌బ్రష్‌తో దులుపుతాను, మళ్ళీ పురుగు పట్టేది ఆ మడతలోంచే. ఇప్పటికే పట్టి ఉంటే బియ్యాన్ని గట్టి ఎండలో పొయ్యకండి, గింజ పగిలి నూకలవుతుంది. నీడపట్టున చాప మీద పలచగా పోస్తే పురుగులు వాటంతట అవే పక్కలకి పాకిపోతాయి, తర్వాత చెరిగి పోసుకోవచ్చు. కందిపప్పు, పెసలు, మినుములకి మాత్రం ఎండ మంచిదే. బాగా ఎండబెట్టి, చల్లారాక కిలోకి టీస్పూన్ ఆముదం పట్టించి దాచండి. గింజ చుట్టూ జిడ్డు పొర ఉంటే పుచ్చు పురుగు పెట్టిన గుడ్డు బతకదు. వండేముందు రెండుసార్లు కడిగితే వాసన కూడా రాదు. రవ్వ, మైదా, శనగపిండి లాంటివి తెచ్చిన పొట్లం తెచ్చినట్టే డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచి తీస్తే గుడ్లతో సహా పోతాయి.

బియ్యంలో ఎండుమిర్చి వేస్తే పురుగు రాదంటారు. కొంత పనిచేస్తుందేమో, కాదనను. కానీ గుంటూరులో కూర్చుని ఆ మాట నమ్మడం కష్టం, ఎందుకంటే ఎండుమిర్చినే తిని బతికే పురుగుంది. గోధుమరంగులో, గుండ్రంగా వీపు వంచి, ఆవగింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. పొగాకు గోడౌన్లలో, పసుపు కొమ్ముల్లో, మిర్చిలో కనపడేది అదే. మిర్చి యార్డు సరుకుని ఏసీల్లో, అంటే కోల్డ్ స్టోరేజీల్లో, పెట్టేది రంగు కోసమే కాదు, దీని కోసం కూడా. ఇంట్లో ఏడాది కారం కొట్టించి పెట్టుకునేవాళ్ళు కాయ తడి లేకుండా గలగలలాడేలా ఎండబెట్టి, రెండు నెలలకి సరిపడా కారం బయట పెట్టుకుని, మిగతాది ఫ్రిజ్‌లో పెట్టుకోండి. రంగు కూడా నిలుస్తుంది.

చెయ్యకూడనివి రెండు. బోరిక్ పౌడర్ బియ్యంలో కలపడం కొందరిళ్ళలో ఉంది, కడిగితే పోతుందిలే అంటారు. వద్దు, చీమని చంపడానికి పెట్టేది మనం తినే గింజల్లో ఎందుకు? రెండోది మరీ ప్రమాదం. ధాన్యం గోడౌన్లలో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు ఎవరో తెలిసినవాళ్ళు తెచ్చిస్తారు, బస్తాలో ఒకటి వేస్తే చాలంటారు. గాల్లో తేమ తగిలితే ఆ బిళ్ళలోంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది, దానికి విరుగుడు లేదు. పక్క గదిలో పడుకున్నవాళ్ళ ప్రాణాలు కూడా పోయిన సంఘటనలు మన దేశంలో ఉన్నాయి. ఒక్క బిళ్ళ కూడా ఇంట్లో ఉండకూడదు.

ఎలుకలు, చెదలు, దోమలు, నల్లులు

చిట్టెలుకకి పెన్సిల్ దూరేంత సందు చాలు. కాబట్టి బోనుకంటే ముందు సిమెంటు. సింకు పైపు గోడలోకి పోయే చోట, ఏసీ పైపు బయటికెళ్ళే చోట, తలుపు కింద సందు చూడండి. స్టీలు పీచు కుక్కి పైన సిమెంటు పూస్తే కొరకలేవు. తలుపు కిందకి రేకు పట్టీ కొట్టించండి. బోను గోడకి ఆనించి పెట్టాలి, గది మధ్యలో పెడితే అటు రాదు, ఎలుక గోడ పట్టుకునే నడుస్తుంది. కొత్త వస్తువంటే దానికి అనుమానం, అందుకని మొదటి రెండు రాత్రులు బోను తలుపు పడకుండా కట్టేసి లోపల పకోడీ ముక్కో ఎండుకొబ్బరో పెట్టండి. అలవాటు పడి తిన్నాక మూడోరోజు తలుపు సిద్ధం చెయ్యండి. పీకలవాగు లాంటి మురుగు కాల్వల పక్క ఇళ్ళకి పందికొక్కుల గొడవ వేరే. అవి పునాది పక్క మట్టి తోడతాయి, బొరియల్లో కంకర, గాజుపెంకులు దట్టించి సిమెంటు పోయించడం తప్ప మార్గం లేదు. ఎలుక పెంటికలు పొడిగా ఊడవకండి, బ్లీచింగ్ నీళ్ళతో తడిపి తీయండి. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళలో నడిస్తే లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది, వానల్లో కాలికి పుండున్నవాళ్ళు మరీ జాగ్రత్త.

ట్యూబులో వచ్చే ఎలుకల పేస్టు మాత్రం కొనకండి. చాలావాటిలో ఉండేది పచ్చ భాస్వరం, అంటే ఎల్లో ఫాస్ఫరస్. చూడ్డానికి టూత్‌పేస్టులా ఉంటుంది, పిల్లలు పొరబడతారు. లోపలికి పోతే మొదట ఏమీ లేనట్టే ఉండి, రెండు మూడు రోజులకి కాలేయం దెబ్బతింటుంది, దానికీ విరుగుడు లేదు. విషం పెట్టక తప్పదనుకుంటే బ్రోమాడయోలోన్ బిళ్ళలు వాడండి, వాటికి విటమిన్ కె విరుగుడుగా పనిచేస్తుంది. అవి కూడా డబ్బాలో పెట్టి ఇంటి బయటే.

చెదలు. గోడ మీద మట్టి గీత కనపడితే వెంటనే తుడిచెయ్యకండి. మధ్యలో ఒక అంగుళం విరిచి మర్నాడు చూడండి. మళ్ళీ పూడ్చి ఉంటే లోపల రాకపోకలు నడుస్తున్నాయన్నమాట, ఎండిపోయి అలాగే ఉంటే పాతది. కిరసనాయిలు పోస్తే ఆ గీతలో ఉన్నవి చస్తాయి, రాణి మట్టిలో హాయిగా గుడ్లు పెడుతూనే ఉంటుంది. అందుకే దీనికి మాత్రం మనుషుల్ని పిలిపించక తప్పదు. పిలిచినప్పుడు పక్కన నిలబడండి. నేలా గోడా కలిసే చోట అడుగు దూరానికొక రంధ్రం చొప్పున డ్రిల్ చేసి, ప్రతి రంధ్రంలోకీ మందు నీళ్ళు పోసి, తర్వాత సిమెంటుతో మూయాలి. గోడ మీద పైపైన చల్లి వెళ్తామంటే పంపించెయ్యండి. తొలకరి వానకి దీపం చుట్టూ మూగే ఉసిళ్ళు ఈ చెదల్లో రెక్కలొచ్చినవే. బయట్నుంచి కిటికీలోంచి వస్తే భయం లేదు, లైటు ఆపితే పోతాయి. తలుపు చట్రంలోంచో గోడ పగులులోంచో పుట్టుకొస్తుంటే మాత్రం గూడు మీ ఇంట్లోనే ఉందని అర్థం.

డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచి నీళ్ళలో గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికో రోజు నీళ్ళన్నీ పారబోయమని ఫ్రైడే డ్రై డే పెట్టారు. అయితే పారబోస్తే సగం పనే. గుడ్లు నీటి అంచున గోడకి అతుక్కుని నెలల తరబడి పొడిలోనూ బతుకుతాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే లేస్తాయి. పీచుతో గట్టిగా రుద్ది కడగండి. మర్చిపోయే చోట్లు చెప్తాను: జూన్‌లో వాడటం ఆపి మూలన పెట్టేసిన కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే ట్రే, మనీప్లాంట్ సీసా, కుండీల కింద పళ్ళేలు, సంపు మూత గుంట. రాత్రిపూట చెవి దగ్గర పాడే దోమ వేరు, అది మురుగులో పుడుతుంది. దానికి సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం పైకొసకి నైలాన్ దోమతెర గుడ్డ కట్టండి. ఎంతోమంది కిటికీలకి వేలు పెట్టి మెష్ వేయించుకుంటారు కానీ డాబా మీద ఆ గొట్టాన్ని తెరిచే ఉంచుతారు.

నల్లులు ప్రయాణాల్లో సూట్‌కేసులో వస్తాయి. పాతకాలంలో నవారు మంచాన్ని వాకిట్లోకి తెచ్చి సలసల కాగే నీళ్ళు పోసేవాళ్ళు, ఆ లెక్క సరైనదే, నల్లి వేడికే చస్తుంది. ఇప్పుడు దుప్పట్లు వేడి నీళ్ళలో ఉతికి, మంచం అతుకుల్లో స్టీమర్ ఆవిరి నెమ్మదిగా పట్టించండి. పరుపుని ఎండలో వేస్తే పైన ఉన్నవి లోపలికి దిగుతాయి, అంతకంటే లాభం లేదు.

డాబా మీద మొక్కలు

పచ్చిమిర్చి మొక్క ఆకు ముడుచుకుంది, ఏం కొట్టాలి? ముందు ఎటు ముడుచుకుందో చూడండి. అంచులు పైకి లేచి దొన్నెలా ఉంటే తామర పురుగు, కిందకి వంగి తిరగేసిన పడవలా ఉంటే నల్లి (మంచం నల్లి కాదు, మొక్కల రసం పీల్చే మైట్). మన రైతులు పై ముడత, కింద ముడత అనేది దీన్నే. ఈ నల్లికి మామూలు పురుగుమందు పనిచెయ్యదు. నీళ్ళలో కలిసే గంధకం లీటరుకి 3 గ్రాములు, అదీ చల్లపూట కొట్టాలి, ఎండ మండే రోజుల్లో కొడితే ఆకు మాడుతుంది. తామర పురుగు కోసం పువ్వు కింద తెల్ల కాగితం పట్టి వేలితో తట్టండి. గీత ముక్కల్లా సన్నగా కదిలేవి రాలతాయి. నల్లగా ఉంటే అది 2021లో మన మిర్చి రైతుల్ని ఏడిపించిన నల్ల తామర పురుగు. ఆగ్నేయాసియా నుంచి వచ్చి, మన దేశంలో 2015లో మొదట బొప్పాయి మీద కనపడి, తర్వాత మిర్చి పూతలో దూరింది. చేతిలో ఉన్న మందులన్నీ మార్చి మార్చి కొట్టినా లొంగక ఎంతోమంది చేలు పీకేశారు. అంత మందుల ఊళ్ళోనే మందు గెలవలేదు. కుండీల్లో అయితే నీలం రంగు జిగురు అట్టలు వేలాడదీసి, పాడైన పూలు గిల్లి, వేపనూనె కొట్టుకుంటే అదుపులో ఉంటుంది. తెల్లదోమకి పసుపు అట్ట. ఆకులు చిన్నవై, పసుపు పచ్చగా గుబురు కట్టి వైరస్ పట్టిన మొక్కని మాత్రం జాలిపడకుండా పీకెయ్యండి.

మందారం మీద దూది అంటించినట్టుండేది పిండినల్లి. దగ్గర కూర్చుని ఓ ఐదు నిమిషాలు కాండం వైపు చూడండి. నల్ల చీమలు పైకీ కిందకీ తిరుగుతుంటాయి, పిండినల్లి వెనక మీసంతో తడుముతాయి, అది ఒక తేనె బొట్టు వదుల్తుంది, చీమ తాగి పోతుంది. గేదెని పాలు పితికినట్టే ఉంటుంది. ఆ పాల కోసమే చీమలు దానికి కాపలా కాస్తాయి. చీమల దారి తెంచకుండా పిండినల్లి పోదు. కుండీని నీళ్ళ పళ్ళెంలో ఇటుక మీద నిలబెట్టండి, ఆ నీళ్ళు మాత్రం రోజూ మార్చండి, దోమల సంగతి పైన చెప్పాను కదా. తర్వాత బాగా పట్టిన కొమ్మలు కత్తిరించి, మిగిలినదాన్ని స్పిరిట్ ముంచిన దూదితో తుడిచి, గొట్టంతో నీళ్ళు జోరుగా కొట్టండి. చిక్కుడు, బెండ చివర్ల మీద గుంపులుగా కూర్చునే పేనుబంకకీ ఇంతే.

వేపనూనె ఎలా కొట్టాలో చాలామంది తప్పుగా చేస్తారు. నూనె నేరుగా నీళ్ళలో వేస్తే తేలుతుంది. ముందు 5 మిల్లీలీటర్ల నూనెలో పావు టీస్పూన్ గిన్నెల సబ్బు ద్రావణం కలిపి, తెల్లగా పాలలా అయ్యేదాకా గిలక్కొట్టి, అప్పుడు లీటరు నీళ్ళు చేర్చండి. సాయంత్రం కొట్టండి, ఆకుల అడుగుభాగం తడవాలి, వారానికోసారి చొప్పున మూడు వారాలు. ముందు ఒక కొమ్మ మీద కొట్టి మర్నాడు చూసి, ఆకు మాడకపోతే మిగతాదానికి. వేపకాయలు రాలేకాలంలో గింజలు ఏరి ఎండబెట్టుకున్నవాళ్ళకి ఇంకా మంచిది. 50 గ్రాముల గింజల పొడి గుడ్డలో మూటగట్టి లీటరు నీళ్ళలో రాత్రంతా నానేసి, పొద్దున బాగా పిసికి వడకట్టి, చిటికెడు సబ్బు కలిపి ఆరోజే వాడెయ్యాలి.

నిమ్మ, కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనపడేది రెట్ట కాదు, పిల్ల గొంగళిపురుగు. పెద్దయితే పచ్చగా మారుతుంది, పుల్లతో తాకితే తల దగ్గర్నుంచి కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటు వాసన వదుల్తుంది. దీనికి మందెందుకు, చేత్తో ఏరెయ్యండి. మా అమ్మ మాత్రం ఒకటి రెండు వదిలేస్తుంది, సీతాకోకచిలుకలవుతాయని. కరివేపాకు ఎలాగూ మాకు ఎక్కువే. మునగ చెట్టు మొదట్లో వానాకాలం గుంపుగా అతుక్కున్న బొచ్చు గొంగళ్ళని మాత్రం ముట్టకండి, దద్దుర్లు లేస్తాయి. పగలు కదలకుండా ఉంటాయి కాబట్టి అప్పుడే సబ్బు నీళ్ళు కుమ్మరించండి. కొబ్బరి ఆకు అడుగున తెల్లటి చుట్టలు చుట్టలుగా కనపడి, కింద ఆకులన్నీ మసి పట్టినట్టుంటే అది సర్పిలాకార తెల్లదోమ, 2016 నుంచి మన దేశంలో ఉంది. పైకి నీళ్ళు జోరుగా కొట్టించండి, గట్టి మందులు వద్దు. దాన్ని తినే చిన్న కందిరీగలు మన తోటల్లో ఉన్నాయి, మందు ముందు వాటిని చంపుతుంది.

అలాగే అక్షింతల పురుగుని అందరూ గుర్తుపడతారు కానీ దాని పిల్ల చిన్న మొసలిలా, నల్లగా నారింజ మచ్చలతో ఉంటుంది, భయపడి నలిపేస్తారు. అది రోజుకి పదుల సంఖ్యలో పేనుబంకని తింటుంది. బల్లి కూడా అంతే, మీద పడితే శాస్త్రం చూసుకోండి, చంపకండి.

ఆ సీసా సంగతి

బావమరిదికి ఫోన్ చేసి ఏం మందని అడిగితే "మోనో అనుకుంటా బావా, దాంట్లో ఇంకేదో కూడా కలిసింది" అన్నాడు. మోనోక్రోటోఫాస్‌ని కూరగాయల మీద వాడకూడదని 2005లోనే నిషేధించారు. పైగా లేబుల్ లేదు, రంగు చూస్తే కూల్‌డ్రింకే. మందు డబ్బా మీద డైమండ్ ఆకారపు గుర్తు ఉంటుంది, దాని కింది సగంలో ఉండే త్రికోణం రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు గుర్తులవి ఇంటి మొక్కలకి అక్కర్లేదు. డబ్బాలోంచి వేరే సీసాలోకి ఎప్పుడూ మార్చకండి. ఒకవేళ ఎవరైనా తాగితే ఉప్పు నీళ్ళు పట్టించి వాంతి చేయించే పని పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి, ఆ డబ్బా కూడా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి. ఒంటి మీద పడితే బట్టలు తీసేసి సబ్బుతో కడగాలి.

మర్నాడు వాడొచ్చినప్పుడు సీసా వాడికే ఇచ్చి పంపాను, "ఏంటి బావా, ఈ మాత్రానికే" అని మొహం ముడుచుకున్నాడు. తర్వాత వాడి ముందే వంగ మొక్క దగ్గర కూర్చుని, వాడిపోయి తలవాల్చిన ఒక కొమ్మ చివర కోసి బ్లేడుతో నిలువునా చీల్చాను. లోపల లేత గులాబీ రంగు పురుగు, సొరంగం నిండా దాని రెట్ట. పైన ఎంత మందు కొట్టినా కాండం లోపలున్న దానికి ఏం తగుల్తుంది? మొవ్వు తొలిచే ఈ పురుగే తర్వాత కాయలోకి దూరుతుంది. వారానికి రెండుసార్లు చూసి, వాలిన ప్రతి చివరనీ వాడిన చోటుకి ఒక అంగుళం కిందకి కత్తిరించండి, బెజ్జం ఉన్న కాయలూ కోసెయ్యండి. కోసినవి కుండీ పక్కనే పడేస్తే పురుగు బయటికి పాకి పక్క మొక్కెక్కుతుంది, సబ్బు నీళ్ళ బకెట్లో ఒక పూట ముంచి ఆ తర్వాతే పారెయ్యండి.